మూడో బురుజు

సారయ్య ఎడమ అరచేతిని రాతి మీద పరిచి, కుడిచేతి కర్రతో దాని పక్కనే కొట్టాడు. కర్ర చివర ఇనుప పొన్ను ఉంది. రాయి ఖంగుమంది. ఇంకో అడుగు జరిగి కొట్టాడు. మళ్ళీ ఖంగు. మెట్ల పక్కన నడుమెత్తున ఉన్న పెద్దరాయి మీద చెయ్యి పరిచి కొట్టేసరికి మాత్రం చప్పుడు మారిపోయింది. డొల్లగా పలికింది. అరచేతి కింద రాయి సన్నగా వణికింది. సారయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, నమ్మకం కుదరక ఇంకోసారి కొట్టాడు. అదే చప్పుడు, అదే వణుకు.

బల్లార్‌పూర్ బొగ్గుబాయిలో ముప్ఫై రెండేళ్లు అతను చేసింది ఇదే పని. షిఫ్టు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు లోపలికి పోయి, తలమీది కప్పును అడుగడుగునా కొట్టి చూసేవాణ్ణి డ్రెస్సర్ అంటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిచిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఒక్కోసారి చెవి మోసం చేస్తుంది గాని అరచెయ్యి చెయ్యదు. అందుకే ఒక చేత్తో కొడుతూ రెండో చెయ్యి రాతికి ఆనించి పెట్టుకుంటారు. కప్పు బాగాలేదని తేలితే అక్కడ సున్నంతో ఇంటూ గుర్తు గీస్తారు. ఆ గుర్తు పడ్డాక కూలీ అయినా, మేనేజరైనా, పైనుంచి ఊడిపడ్డ ఆఫీసరైనా దాని కింద కాలు పెట్టడు. సారయ్య గీసిన గుర్తును ముప్ఫై రెండేళ్లలో ఒక్కడూ దాటలేదు.

ఇది బొగ్గుబాయి కాదు, కోటగోడ. చంద్రపూర్ ఒకప్పుడు గోండు రాజుల రాజధాని. రాజులు పోయారు, రాజ్యం పోయింది, ఊరి చుట్టూ గోడ మిగిలింది. ఆ గోడ మీద ముళ్లకంపలు మొలిచి, కిందంతా చెత్తకుప్పలు పెరిగిన రోజుల్లో ఒక్క పెద్దమనిషీ అటు తిరిగి చూడలేదు. పులుల కోసం తాడోబా అడవికి వచ్చేవాళ్లు ఊళ్లో ఒక్క పూటయినా ఆగకుండా పోతున్నారని ఇప్పుడు ఎవరికో కడుపు మండింది. ఇంకేం, కమిటీ పడింది, కాంట్రాక్టు పడింది, పసుపుపచ్చ బస్సొకటి వచ్చింది. బస్సుకు 'రాజధాని దర్శన్' అని పేరు పెట్టారు. జట్‌పురా గేటు దగ్గర జనాన్ని ఎక్కించుకుని, మహాకాళి గుడి, అంచలేశ్వర్ గుడి, రాజుల సమాధులు, రామాలా చెరువు చూపించి, ఆఖరున గోడ ఎక్కించి దించుతుందట. గోడ మీద నడిచే దారిలో మూడు బురుజులు ఉన్నాయి. మూడోది అన్నిటికంటే పెద్దది, ఫొటోలు దిగడానికి వీలుగా ఉంటుంది. ఆదివారం ఉదయం ప్రారంభోత్సవం.

ఆ మూడో బురుజులో ఒక రావిచెట్టు వేళ్లు దించుకుని ఉండేది. దాన్ని పీకినప్పుడు లోపల మనిషి పట్టేంత గుల్ల పడింది. సారయ్య అప్పటికే అక్కడ గేటు కాపలాకు చేరాడు, అంతా కళ్లారా చూశాడు. రాయికి రాయి పేర్చి సున్నం పోసి నింపాల్సిన చోట, విరిగిన ఇటుకలు, మట్టి, ఖాళీ సిమెంటు సంచులు కుక్కారు. ముందు రాళ్లు నిలబెట్టి, సందుల్లో సిమెంటు పూసి, పైన బండలు పరిచి చేతులు దులుపుకున్నారు. వారం పట్టే పని ఒక పూటలో తేలిపోయింది. పైకి చూస్తే బురుజు పెళ్లికూతురిలా ఉంది.

ఆ బుధవారం సాయంత్రం సారయ్య సున్నం డబ్బా తెచ్చి, వణికిన రాయి మీద భోజనం పళ్లెమంత ఇంటూ గుర్తు గీశాడు. వేళ్లకు అంటిన సున్నం గోడకే రాసి, మెట్లకున్న ఇనుప గేటుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని లాల్‌పేట కాలనీకి సైకిలెక్కాడు. గుర్తు పడింది కాబట్టి ఇక పైవాళ్లు చూసుకుంటారనుకున్నాడు. రాత్రి భార్య నర్సక్క పెట్టిన జొన్నరొట్టె నిమ్మళంగా తిని పడుకున్నాడు. అతను చేసిన తప్పు అదే.

గురువారం పొద్దున వచ్చేసరికి గుర్తు లేదు. దాని మీద రాతిరంగు పూసేశారు. రంగు ఇంకా ఆరలేదు, వేలు పెడితే అంటుకుంది. రంగులవాణ్ణి అడిగితే, ఎవరో ఆకతాయిలు గోడ పాడుచేశారని కాంట్రాక్టరు ధనరాజ్ సేఠ్ చెప్పి పూయించాడన్నాడు. సారయ్యకు ఒళ్లు మండింది. అయినా అణచుకుని ఇంజినీరు కోసం కూర్చున్నాడు. ఇంజినీరు మనోహర్‌ది మంచిర్యాల. తెలుగు మాట్లాడే మనిషి గనక చెబితే అర్థం చేసుకుంటాడని ధీమా. మొదటి రోజు పరిచయంలో మనోహరే, "మనూరి మాట ఇని ఎన్ని రోజులాయె పెద్దాయనా" అని భుజం తట్టాడు కూడా.

మనోహర్ పదింటికి వచ్చాడు. చేతిలో ఫోను, తలమీద తెల్ల హెల్మెట్టు.

"సారూ, మూడో బురుజు డొల్లున్నది" అన్నాడు సారయ్య, నమస్కారం కూడా పెట్టకుండా.

"ఎవలు చెప్పిండ్రు?"

"రాయే చెప్తుంది. జర వచ్చి చెయ్యి పెట్టి చూడుండ్రి."

మనోహర్ నవ్వుతూనే వచ్చాడు. సారయ్య అతని చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, అరచెయ్యి పూర్తిగా ఆనేలా రాతికి అదిమిపెట్టాడు. కొత్తగా బాయిలో చేరిన పిల్లలకు నేర్పినట్టే వేళ్లు విడదీసి పరిచాడు. తర్వాత కర్రతో కొట్టాడు. మనోహర్ నవ్వు ఆగిపోయింది. సారయ్య రెండోసారి కొట్టాడు. మనోహర్ చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"తెలిసింది గదా" అన్నాడు సారయ్య.

మనోహర్ అటూ ఇటూ చూశాడు. దూరంగా ధనరాజ్ సేఠ్ షామియానా కర్రలు పాతిస్తున్నాడు. "పెద్దాయనా, గిది బొగ్గుబాయి గాదు. నాలుగైదువందల ఏండ్ల గోడ. పాత రాయి గట్లనే పలుకుతది" అన్నాడు.

"పాత రాయి గాదు సారూ, మొన్న నిలబెట్టిన రాయి. లోపల ఇటుక పెంకులు పోసిండ్రు. నేను చూసిన."

"నువ్వు చూసుడు కాదు, లెక్క ఉంటది, డ్రాయింగ్ ఉంటది. నీ డ్యూటీ గేటు. నువ్వు గేటు చూసుకో, గోడ నేను చూసుకుంట."

"చూసుకుంట అంటే ఏం జేస్తరు? ఇప్పి మళ్ల కడ్తరా?"

"ఆదివారం ఓపెనింగ్ పెట్టుకుని ఎవలన్న ఇప్పుతరా?"

ఆ మాట అనేసి మనోహర్ తల దించుకుని ఫోను చూసుకున్నాడు. అప్పుడే ధనరాజ్ సేఠ్ అటు వచ్చాడు. కర్ర చేతబట్టుకుని గోడ దగ్గర నిలబడ్డ ముసలివాణ్ణి చూసి, ఏమిటి సంగతని ఇంజినీరును మరాఠీలో అడిగాడు. మనోహర్ ఏదో చెప్పాడు. సేఠ్ పకపకా నవ్వి, షామియానావాళ్లకు వినపడేలా, "డాక్టర్ సాబ్ గోడకు నాడి చూస్తున్నారు, అందరూ చేతులు చాచండి" అని హిందీలో అరిచాడు. ఒకడు నిజంగానే చెయ్యి చాచాడు. అందరూ నవ్వారు. మనోహర్ కూడా నవ్వాడు. సారయ్య మిగిలినవాళ్ల నవ్వు మర్చిపోయాడుగాని మనోహర్ నవ్వు మర్చిపోలేదు. ఆ అరచేతికి రాయి తగిలింది, వణుకు తగిలింది, ఐనా ఆ మనిషి నవ్వాడు.

శుక్రవారం బస్సును ఒకసారి తిప్పి చూశారు. కమిటీవాళ్ల చుట్టాలూ పక్కాలూ ముప్ఫై మంది దిగారు. గైడు అని ఒకణ్ణి పెట్టారు గాని వాడికి ఫొటోలు తీయడం తప్ప ఏమీ రాదు. సారయ్యకు తాళం తీయక తప్పలేదు. తీశాడుగాని, మెట్లెక్కినవాళ్లను ఎక్కినట్టే రెండో బురుజు వైపు మళ్లించాడు. రెండో బురుజు నుంచి చూస్తే నది కనపడుతుందన్నాడు. ఆ పక్క కోట గేటు మీద ఏనుగుల మీదికి దూకుతున్న సింహం చెక్కి ఉంది, గోండు రాజుల గుర్తు అది, ముందు దాన్ని చూడమన్నాడు. మంచిర్యాల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తెలుగు వినపడగానే అతని పక్కనే నిలబడిపోయింది.

"ఆ పెద్దదాని మీద ఏముంది బిడ్డా?" అని మూడో బురుజు వైపు చూపించింది.

"ఏం లేదమ్మా. ఎండ."

"అందరు అక్కడ ఫొటోలు దిగాలె అంటున్నరు."

"ఎండల మొకం నల్లగ వస్తది. గిక్కడ దిగుండ్రి, ఎనక గేటు పడ్తది."

ఆవిడ నమ్మింది. ఆవిడతో కలిపి పదిమంది ఆగారు. మిగతా ఇరవై మందీ మూడో బురుజు ఎక్కారు. వాళ్లు దిగేదాకా సారయ్య కింద నిలబడి రాతికి అరచెయ్యి ఆనించే ఉన్నాడు. పైన ఎవరు ఎటు అడుగేసినా ఆ అడుగు అతని చేతికి తెలుస్తూనే ఉంది. ఇరవై మంది మెల్లగా తిరిగితేనే ఇట్లా ఉంటే అనుకుని, ఆ పైన అనుకోలేకపోయాడు. ఆఖరి మనిషి దిగాక గేటు వేసి, అక్కడే మెట్టు మీద కూలబడి నీళ్లు తాగాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మనవరాలు అమృత లేజిమ్ ఆడుతోంది. ఎనిమిదో తరగతి. చెక్క పిడికి ఇనుప గొలుసు, గొలుసుకు బిళ్లలు. దాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతూ, తాళానికి సరిగ్గా గెంతుతూ, రెండు కాళ్లూ కలిపి నేల మీద దిగాలి. ఝల్లు, ఝల్లు, దబ్. నెలనుంచి ఇదే పని. వాకిట్లో అలికిన నేల గుంట పడింది.

"ఎప్పుడు మీ ఆట?" అని అడిగాడు సారయ్య సైకిలు గోడకు ఆనిస్తూ.

"ఆదివారం. నీ గేటు కాడనే తాత. సర్‌ప్రైజ్ అని నీకు చెప్పలే."

"గేటు కాడ ఏడ?"

"బురుజు మీద. తిస్రా బురుజ్, మూడోది. నలభై మందిమి. మూడు వరుసలు. ఆఖర్ల అందరం ఒక్కసారే ఎగిరి దబ్బున దిగుతం. ముందు వరుస నడుమ నేను."

సారయ్య చేతిలోంచి సైకిలు జారి గోడకు రాసుకుంటూ కింద పడింది. దాన్ని లేపకుండా వచ్చి మనవరాలి చేతిలోని లేజిమ్ పట్టుకున్నాడు. "నువ్వు పోవుడు లేదు" అన్నాడు.

అమృతకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "ఎందుకు పోవద్దు?"

"ఆ బురుజు డొల్లున్నది. నేను కొట్టి చూసిన."

"నువ్వు కొట్టి చూసుడేంది? ఇంజినీర్లు లేరా? పాతకాలం ముచ్చట్లు తాత నువ్వు. నేను రానంటే టీచర్ నన్ను తీసేసి నడుమ ఇంకో పోరిని పెడ్తది." లేజిమ్ లాక్కుంది. "నువ్వు నాకోసం ఒక్కసారన్న బడికి వచ్చినవా? ఇప్పుడు ఆడ ఆడుతుంటే నువ్వు చూస్తవనే నేను ముందు వరుస అడిగిన."

అని లోపలికి పోయి దుప్పటి కప్పుకుంది. నర్సక్క పొయ్యి ముందు నుంచే అంతా విన్నది. "దాన్నెందుకు ఏడిపిస్తవు? డొల్లున్నదంటే పోయి పెద్దోళ్లతోని చెప్పు" అన్నది.

"చెప్పిన."

"చెప్తే?"

"నవ్విండ్రు."

నర్సక్క రొట్టె పెనం మీదికి విసిరింది. "నవ్విన నోట్లె మన్నువడ. రేపు బడికి పోయి చెప్పు. బడిల టీచరమ్మ మనదే గదా, రమ."

శనివారం ఒంటిపూట బడి. గేటు పనికి ఒక గంట ఆలస్యంగా వస్తానని చెప్పి సారయ్య బడికి పోయాడు. రమ టీచర్ లాల్‌పేట కాలనీలోనే పెరిగిన పిల్ల. వాళ్ల నాన్న సారయ్యతో ఒకే షిఫ్టు చేశాడు. ఆమె అతన్ని స్టాఫ్‌రూమ్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది, చాయ్ తెప్పించింది. అతను చెప్పిందంతా మధ్యలో అడ్డు పడకుండా విన్నది. తర్వాత బీరువా తీసి ఒక కాగితం తెచ్చింది.

"కాకా, పోయిన వారం నాకు గూడ అనుమానం వచ్చి అడిగిన. చూడు, రాసిచ్చిండ్రు."

సారయ్య కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లీషు. కింద గుండ్రటి స్టాంపు, పచ్చ సంతకం. అతను సంతకం మీద బొటనవేలు ఆనించాడు. "ఏం రాసిండ్రు బిడ్డా?"

"బురుజును పరీక్ష చేసి చూసిండ్రట. రెండువందల మంది ఒక్కసారి నిలబడొచ్చట. మనోహర్ సార్ సంతకం."

"ఎప్పటి తారీఖు?"

రమ చూసింది. "గురువారం."

గురువారం. రాతి మీంచి చెయ్యి గబుక్కున తీసి ప్యాంటుకు తుడుచుకున్న రోజే. ఆ తుడుచుకున్న చేత్తోనే పెన్ను పట్టుకుని ఈ కాగితం రాశాడన్నమాట. సారయ్య కాగితం ఆమె చేతికి తిరిగిచ్చేశాడు. చాయ్ గ్లాసు తాకకుండా బల్ల మీద అట్లాగే వదిలి లేచాడు.

"కాకా, నువ్వన్నది తప్పని నేను అంటలేను" అన్నది రమ, గుమ్మం దాకా వస్తూ. "కానీ కాగితం ఉన్నంక నేను వద్దంటే హెడ్‌మాస్టర్ నన్ను అడుగుతడు. ఎవల మాట ఇనమంటవు నన్ను? నువ్వన్న రాసిస్తవా?"

"నాకు రాసుడు రాదు బిడ్డా. గీసుడు వస్తది" అన్నాడు సారయ్య.

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు.

ఆదివారం తెల్లారకముందే గోడ దగ్గరికి వచ్చి, ఆరిపోయిన రాతిరంగు మీద ఈసారి రెండు పళ్లేలంత గుర్తు గీశాడు. ఏడింటికి పూలవాళ్లు వచ్చారు. ఎనిమిదింటికి ఆ గుర్తు మీదుగా బంతిపూల దండలు వేలాడుతున్నాయి. అదీ వాళ్లు ఇచ్చిన మర్యాద. బస్సు కడిగి పూలు కట్టి నిలబెట్టారు. షామియానా కింద కుర్చీలు నిండాయి. పిలిచిన పెద్దలు వచ్చారు, తలపాగాలు చుట్టించుకున్నారు, రాజధాని గొప్పతనం మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. రాజులు కట్టిన గోడ అని ప్రతి ఒక్కరూ అన్నారు. దాని లోపల ఇటుక పెంకులు పోసిందెవరో ఒక్కరూ అనలేదు. సారయ్య ఖాకీ చొక్కా వేసుకుని తెరిచిన గేటు పక్కన నిలబడ్డాడు. అమృత తెల్ల చీరకట్టు, నెత్తిన గులాబీరంగు ఫేటా తలపాగాతో పిల్లల వరుసలో ముందుంది. తాతవైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మనోహర్ భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. కూతురికి ఏడెనిమిదేళ్లు ఉంటాయి, పేరు భానుశ్రీ. నీలం గౌను వేసుకుంది. ఉపన్యాసాలతో ఆ పిల్లకేం పని, కుర్చీలోంచి జారి బురుజు వైపు పరుగు తీసింది. సారయ్య ఆపబోయేలోపే రెండు మెట్లు ఎక్కేసింది.

అప్పుడు మనోహర్ ఉరికొచ్చాడు. మొదటి వరుసలో కూర్చున్న పెద్దమనిషి కాలు తొక్కుకుంటూ, మధ్యలో ఉన్న కుర్చీని తోసేసి వచ్చి, మూడో మెట్టు మీద పిల్ల రెక్క దొరకబుచ్చుకుని కిందికి లాగాడు. పట్టు ఎంత గట్టిదంటే పిల్ల నొప్పికి మూలిగింది.

"పైకి పోదాం డాడీ. ఫొటో" అంది.

"వద్దు. దుమ్ముంది. కిందనే దిగుదాం" అన్నాడు మనోహర్. గోడకు ఆనుకుని నిలబడిన పిల్లను అక్కణ్ణించి కూడా జరిపాడు. బురుజు నీడ దాటేదాకా తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి, పిల్ల చెయ్యి వదలలేదు.

సారయ్య అంతా చూశాడు. ఎంత దూరం తీసుకెళ్లాడో కూడా చూశాడు. కప్పు కూలితే ఎంతవరకు పడుతుందో లెక్కగట్టి బొగ్గుబాయిలో తడికె కట్టేవాళ్లు. సరిగ్గా అంత దూరం. ఆ లెక్క మనోహర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనికి మొదట్నుంచీ తెలుసు.

డోలు మోగింది. రమ టీచర్ చెయ్యి ఊపింది. నలభై మంది పిల్లలు లేజిమ్‌లు ఝల్లుమనిపిస్తూ మెట్లవైపు కదిలారు.

సారయ్య ఇనుప గేటు లాగి మూశాడు. తాళం వేయలేదు. గేటుకు వీపు ఆనించి, కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు.

డోలు ఇంకా మోగుతూనే ఉంది. ముందు వరుస పిల్లలు ఆగిపోయారు, వెనకవాళ్లు వచ్చి వాళ్లకు తగిలారు. ధనరాజ్ సేఠ్ వేదిక మీంచి దిగి, నవ్వుమొహంతోనే వచ్చి, పళ్ల మధ్యనుంచి బూతు తిట్టాడు. తన మనుషులు ఇద్దర్ని సైగ చేసి పిలిచాడు. వాళ్లొచ్చి సారయ్య రెండు భుజాలూ పట్టుకున్నారు. అమృత సిగ్గుతో చచ్చిపోతోంది.

సారయ్య వాళ్లతో పెనుగులాడలేదు. సేఠ్ వైపు చూడనైనా లేదు. నీడ అవతల నిలబడ్డ మనోహర్ వైపు చూసి, డోలు చప్పుడును దాటి వినపడేలా అన్నాడు.

"సారూ, నేను జరుగుత. ముందుగాల మీ బిడ్డెను ఎక్కియ్యిండ్రి."

డోలు ఆగింది. తెలుగు రానివాళ్లు పక్కవాళ్లను అడిగారు. తెలిసినవాళ్లు మరాఠీలో చెప్పారు. ఆ మాట కుర్చీల వరుసల్లోంచి వెనక్కి పోతూ ఉంటే, తలలన్నీ ఒక్కొక్కటిగా మనోహర్ వైపు తిరిగాయి.

"చిన్నపిల్ల, పైకి పోత అంటుంది. ఎక్కియ్యిండ్రి. మీ బిడ్డె ఎక్కి నిలబడ్డంక మా బిడ్డెలు ఎక్కుతరు. నలభై మంది ఎగిరి దుంకుతరు. రెండువందల మందికి సంతకం పెట్టిండ్రు గదా."

భానుశ్రీకి ఆ మాట నచ్చింది. "పోదాం డాడీ" అని చెయ్యి లాగింది. మనోహర్ కదల్లేదు. పిల్ల ఇంకోసారి లాగింది. అతని వేళ్లు ఆ చిన్న చేతి చుట్టూ ఇంకా బిగుసుకున్నాయి. అతని భార్య మొగుడి మొహం చూసింది, చేతిని చూసింది, తర్వాత మెల్లగా వచ్చి పిల్లకు రెండో వైపు నిలబడి ఆ చెయ్యి కూడా పట్టుకుంది.

సారయ్య భుజాలు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు పట్టు వదిలేశాడు.

అమృత ఇంజినీరు చేతినే చూస్తోంది. వంగి తన లేజిమ్‌ను నేల మీద పెట్టింది. బిళ్లలు ఝల్లుమన్నాయి. ఆమె పక్కనున్న పిల్ల పెట్టింది. ఆ వెనక ఇంకో పిల్ల. నలభై లేజిమ్‌లు నేలకు దిగేదాకా ఆ ఝల్లు ఒక్కొక్కటిగా వినపడుతూనే ఉంది. రమ టీచర్ ముందుకొచ్చి, కాగితం సంగతి ఎత్తకుండా, "ఖాలీ. ఇథేచ్" అన్నది పిల్లలతో. కిందే, ఇక్కడే ఆడదాం అని. పిల్లలు షామియానా ముందు ఖాళీ స్థలంలోకి పోయి వరుసలు కట్టుకున్నారు. అమృత నడుమ నిలబడింది. ఈసారి తాతవైపు చూసింది.

ఆట అయిపోయింది, చప్పట్లు కొట్టారు. బస్సులో వచ్చినవాళ్లకు రెండో బురుజు వరకే చూపించి పంపారు. మధ్యాహ్నానికి ధనరాజ్ సేఠ్ మనిషి వచ్చి తాళంచెవి అడిగాడు. సారయ్య మొలతాడు ముడి విప్పి ఇచ్చాడు. ఖాకీ చొక్కా కూడా ఇప్పుడే కావాలన్నాడు. అదీ విప్పి ఇచ్చి, బనీను మీదే సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాడు.

సోమవారం పొద్దున అమృత మరాఠీ పేపరు తెచ్చి వాకిట్లో పరిచింది. నర్సక్క పిండి చేతులతోనే వచ్చి కూర్చుంది. మూడో పేజీలో రాజధాని దర్శన్ వార్త, పెద్ద ఫొటో. అమృత మరాఠీ చదివి తెలుగులో చెప్పసాగింది. అంతా ఘనంగా జరిగిందట. అందరూ మెచ్చుకున్నారట. మూడో బురుజుకు ఇంకా కొంత పని అవసరమని ఇంజినీరు మనోహర్ ముందుచూపుతో గుర్తించి, పిల్లల ఆటను కిందికి మార్పించారట. ఆయనకు కమిటీ శాలువా కప్పి సన్మానించిందట.

నర్సక్క లేచి నిలబడి, మనోహర్‌నూ, కమిటీనీ, పేపరునూ కలిపి తిట్టింది. పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేదాకా తిట్టింది. అమృత కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ పేరు ఒక్కసారి గూడ రాయలే తాత" అన్నది.

సారయ్య పేపరు మీదికి వంగాడు. ఫొటోలో మనోహర్ శాలువాతో బురుజు ముందు నిలబడ్డాడు. నీడ దాటి నిలబడ్డాడు, అంత దూరమూ పాటించే నిలబడ్డాడు. సారయ్యకు అక్షరాలు తెలియవు గాని అది తెలిసింది.

"పేరు పోనీయ్. పైకి ఎక్కొద్దని ఆడ ఏమన్న బోర్డు పెట్టిండ్రా?"

"అది రాయలే."

"ఎనక నా గుర్తు కనవడ్తుందా చూడు."

అమృత పేపరును కళ్ల దగ్గరికి తెచ్చుకుని వెతికింది. "కనవడ్తుంది. సగం. సగం పూలదండ కప్పేసింది."

"సగం సాలదు" అన్నాడు సారయ్య. లోపలికి పోయి సున్నం డబ్బా తీసుకుని, కర్ర అందుకున్నాడు. అమృత పేపరు మడిచి పక్కన పడేసి, సైకిలు వాకిట్లోంచి బయటికి నడిపించుకొచ్చింది.